కక్కిన పాముపిల్లకు మళ్లీ ఎప్పుడు, ఎలా తిండి పెట్టాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడు నెలల కార్న్ స్నేక్, బరువు 12 గ్రాములు. మీకు ఇచ్చినవాళ్లు దానికి పింకీలు, అంటే వెంట్రుకలు మొలవని చిట్టెలుక పిల్లలు, పెట్టేవారు. అది మరీ చిన్నదిగా అనిపించి మీరు 5 గ్రాముల ఫజీని, అంటే నూగు మొలిచిన కాస్త పెద్ద చిట్టెలుక పిల్లను, పెట్టారు. ఇష్టంగానే మింగింది. మర్నాడు సాయంత్రం బయటికి తీసి కాసేపు చేతిలో ఉంచుకున్నారు, ఆ రాత్రే కక్కేసింది. తర్వాతి రోజు పింకీ పెడితే ముట్టలేదు. ఇప్పటికి నాలుగో రోజు. ఆకలితో చచ్చిపోతుందేమో, నోరు తెరిచి పెట్టాలా, లేకపోతే బతికున్న ఎలుకపిల్లను వదలాలా అని అడిగారు.

రెండూ వద్దు. కక్కిన రోజు నుంచి లెక్కపెట్టి కనీసం 10 రోజులు దానికి ఏ తిండీ చూపించకండి. గిన్నెలో శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉండాలి, రోజూ మార్చండి. బయటికి తీయకండి. మిగతాదంతా తర్వాత చదివినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

పది రోజులంటే మీకు చాలా ఎక్కువ అనిపిస్తుందని తెలుసు. మనం ఒక్కపూట తినకపోతే నీరసం వస్తుంది కాబట్టి పాముకూ అలాగే ఉంటుందనుకుంటాం. కానీ అది తన ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తిండి ఖర్చుపెట్టదు, ఆ వేడి బయటి నుంచే తీసుకుంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటి కుబుసం విడిచేదాకా, అంటే సుమారు వారం పది రోజులు, లోపల మిగిలిన పచ్చసొన మీదే బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మూడు నెలల పిల్ల పది రోజులు ఖాళీ కడుపుతో ఉండగలదు. అది తట్టుకోలేనిది, పుండులా ఉన్న కడుపులోకి వెంటనే ఇంకో ఎలుకపిల్ల పోవడం.

కక్కినప్పుడు ఎలుక ఒక్కటే బయటికి రాదు. దాంతోపాటు జీర్ణరసాలు, ఒంట్లో నీరు కూడా పోతాయి. ఆ ఆమ్లం తగిలి గొంతు నుంచి కడుపు దాకా ఉన్న పొర మంటెక్కుతుంది. పైగా పాము కడుపు మన కడుపులా ఎప్పుడూ సిద్ధంగా ఉండదు. చాలా పాముల్లో, ముఖ్యంగా పైథాన్లలో, తిండి పడ్డాకే పేగులు, కాలేయం పెరిగి పనిలోకి దిగుతాయి, అరుగుదల అయ్యాక మళ్లీ కుంచించుకుపోతాయి. అంత ఏర్పాటు చేసుకున్నాక సగంలో అంతా బయటికి పోతే ఆ ఒంటికి అది పెద్ద నష్టం. వెంటనే మళ్లీ పెడితే రెండోసారి కక్కుతుంది. రెండోసారి మొదటిదానికంటే ప్రమాదం, మూడోసారి ఇంత చిన్న పిల్ల చాలావరకు మిగలదు.

ఇది నేను చేతులారా చేసి నేర్చుకున్నాను. పాములు పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడు నా దగ్గర ఒక బాల్ పైథాన్ పిల్ల ఉండేది. కక్కింది. మీలాగే టెన్షన్ పడి మూడో రోజే మళ్లీ పెట్టాను, తిన్నది, హమ్మయ్య అనుకున్నాను. రెండు రోజులకు మళ్లీ కక్కింది. ఇంకొంచెం చిన్నది పెట్టాను. నెల తిరక్కుండా చనిపోయింది. ఆ తర్వాత పెట్టె కడుగుతూ చూస్తే గోడకు అతికించిన థర్మామీటర్ 31 డిగ్రీలు చూపిస్తోంది, అది పడుకునే నేల మాత్రం 24 దగ్గర ఉంది. నేను రోజూ చూసింది గోడను. ఇది రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ మీరు అడిగింది సరిగ్గా ఆ మలుపులోనే కాబట్టి రాస్తున్నాను.

మీ విషయంలో కారణాలు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది సైజు. 12 గ్రాముల పాముకు 5 గ్రాముల ఎలుక అంటే దాని బరువులో దాదాపు 40 శాతం. మింగింది కదా అంటారు, నిజమే, మింగగలదు. పాము కింది దవడ రెండు సగాలూ ముందు భాగంలో ఎముకతో అతుక్కుని ఉండవు, సాగే కండరాలు, నారలతో కలిసి ఉంటాయి. అందుకే కుడి ఒకసారి, ఎడమ ఒకసారి ముందుకు జరుపుతూ తన తలకంటే లావైనదాన్ని కూడా లోపలికి లాక్కుంటుంది. గొంతు నిండినా ఊపిరాడేలా శ్వాసనాళం కొసను నోటి బయటికి చాపుకుంటుంది. మింగడానికి ఇంత చక్కటి ఏర్పాటు ఉంది. అయితే మింగడం వేరు, అరగడం వేరు. ఆ ఎలుకను జీర్ణరసం బయటి నుంచి లోపలికి కరిగించుకుంటూ పోవాలి. మరీ పెద్దదైతే రసం నడిమధ్యకు చేరేలోపే లోపల కుళ్లడం మొదలవుతుంది, గ్యాస్ పడుతుంది, పాము దాన్ని బయటికి తోసేస్తుంది.

రెండోది, మర్నాడే చేతిలోకి తీసుకోవడం. నిండు పొట్టతో ఉన్న పాముకు తనను ఎవరో పట్టుకున్నారంటే శత్రువు అనే అర్థం. బరువు వదిలించుకుంటేనే పారిపోగలదు, అందుకని కక్కేస్తుంది. తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోకూడదు. పిల్లలకైతే పొట్ట దగ్గరి ఉబ్బు పూర్తిగా తగ్గేదాకా ఆగమంటాను, రెండు రోజులు దాటినా సరే.

మూడోది వేడి. మీరు దాని గురించి ఒక్క మాటా రాయలేదు, నాకు ఎక్కువ అనుమానం కూడా అక్కడే. కార్న్ స్నేక్‌కు పెట్టెలో ఒక చివర 29 నుంచి 31 డిగ్రీలు, రెండో చివర 22 నుంచి 25 ఉండాలి. బాల్ పైథాన్ అయితే వెచ్చటి వైపు 31 నుంచి 33, చల్లటి వైపు 25 నుంచి 27. రెండు చివర్లా దాక్కోవడానికి ఒక్కో గూడు ఉండాలి. వెచ్చటి వైపు గూడు లేకపోతే పాము దాక్కోవడమా, అరిగించుకోవడమా అని తేల్చుకోవాల్సి వస్తుంది. భయం ఉన్న పిల్ల ఎప్పుడూ దాక్కోవడాన్నే ఎంచుకుంటుంది, చల్లటి మూలకు పోయి కూర్చుంటుంది. వేడి కొలిచేది గాల్లో కాదు, గోడ మీద కాదు, వెచ్చటి గూడు లోపల, పాము పొట్ట ఆనే నేల మీద. వైరు చివర ప్రోబ్, అంటే వేడిని పసిగట్టే చిన్న మొన, ఉండే డిజిటల్ థర్మామీటర్ తీసుకుని ప్రోబ్‌ను ఆ నేలకు టేపుతో కాకుండా వేరే దారిలో బిగించండి. ఊడిన టేపుకు పాముపిల్ల అతుక్కుంటే చర్మం చిరిగిపోతుంది. హీట్ మ్యాట్‌కు, అంటే పెట్టెను వేడిచేసే కరెంటు చాపకు, థర్మోస్టాట్ తప్పనిసరి. వేడి పెట్టిన అంకె దాటకుండా చూసేది అదే. అది లేని మ్యాట్ నేలను పొట్ట కాలేంత వేడి చేయగలదు, రాత్రి చలి పెరిగితే చాలినంత వేడి ఇవ్వకపోనూవచ్చు. పగలు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలవండి. చాలామంది పెట్టెల్లో తేడా బయటపడేది తెల్లవారుజామునే.

ఇక పది రోజులు అయ్యాక. పెట్టడానికి ఒక రోజు ముందు త్వరగా ఒకసారి బరువు చూసి రాసుకోండి. గ్రాములు చూపే చిన్న తక్కెడ మీద మూత ఉన్న డబ్బా పెట్టి, డబ్బా బరువు తీసేస్తే సరిపోతుంది. మొదటి మేత మామూలుగా పెట్టేదానిలో సగమే ఉండాలి. దొరికినంతలో అతి చిన్న పింకీని, అప్పుడే పుట్టిన సైజుది, ఒక గ్రాము చుట్టూ ఉండేది చూసుకోండి. దాని వీపు మీద పదునైన బ్లేడుతో రెండు మూడు సన్నటి గాట్లు పెడితే రసం లోపలికి త్వరగా దిగుతుంది. చూడటానికి బాగుండదు, కానీ కక్కిన పిల్లల విషయంలో ఈ చిన్న పని నాకు చాలాసార్లు మేలు చేసింది. అది కడుపులో నిలిస్తే మళ్లీ ఒక వారం పది రోజులు ఆగి అదే సైజు ఇంకోటి. అలా మూడుసార్లు నిలిచి, మలం కూడా మామూలుగా వస్తే అప్పుడు పూర్తి పింకీకి, ఐదారు రోజులకోసారి అనే పాత లెక్కకు రండి. మధ్యలో చురుగ్గా ఉంది కదా, ఇంకా అడుగుతోంది కదా అని పెంచకండి.

ఆ తర్వాత సైజు ఎలా పెంచాలో కూడా చెబుతాను, ఎందుకంటే అసలు పొరపాటు అక్కడే జరిగింది. పాము ఒళ్లు ఎక్కడ బాగా లావుగా ఉందో అంత లావుంటే చాలు ఎలుక. మింగాక పొట్ట దగ్గర చిన్న ఉబ్బు కనబడాలి, చర్మం సాగి పొలుసుల మధ్య ఖాళీలు తెరుచుకునేంత కాదు. 15 గ్రాములు దాటేదాకా మీ పిల్లకు ఒక్కో పింకీ సరిపోతుంది. ఆ పైన వెంటనే ఫజీకి పోకుండా కొన్నాళ్లు ఒకేసారి రెండు పింకీలు ఇవ్వండి. రెండు చిన్నవి ఒక పెద్దదానికంటే తేలిగ్గా అరుగుతాయి. త్వరగా పెద్దది కావాలని అతిగా మేపేవాళ్లను చూశాను. ఆ పాములకు ఒంట్లో కొవ్వు పేరుకుంటుందే తప్ప బలం రాదు.

గడ్డకట్టిన ఎలుకను సిద్ధం చేయడం దగ్గర చాలామంది తొందరపడతారు. పింకీ చిన్నది కాబట్టి గాలి పోని కవర్లో పెట్టి, చల్లటి నీళ్లలో అరగంట ఉంచితే మెత్తబడుతుంది. పెద్దవాటిని ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. మైక్రోవేవ్ వద్దు. అది ఒకచోట ఉడికిస్తుంది, ఇంకోచోట గడ్డగానే వదిలేస్తుంది, పొట్ట పగిలిపోతుంది. మరిగే నీళ్లూ వద్దు, చర్మం ఊడుతుంది. మెత్తబడ్డాక పొట్టను వేలితో నొక్కి చూడండి. లోపల చిన్న గట్టి ముక్క తగిలినా ఇంకా ఐసు ఉన్నట్టే, అలాంటిది మింగితే పాము లోపలి నుంచి చల్లబడి మళ్లీ కక్కుతుంది. పూర్తిగా కరిగాక అదే కవర్లో 40 నుంచి 45 డిగ్రీల నీళ్లలో కొన్ని నిమిషాలు పెట్టి, తీసి, కాగితంతో తడి తుడిచి, వెంటనే పెట్టండి. గంటలకొద్దీ బయట ఉంచేశాక పెట్టకూడదు. పాము తినకుండా వదిలేసింది తెల్లారి తీసి పారేయాలి, తిరిగి ఫ్రీజర్లో పెట్టకూడదు.

ఇచ్చే వేళ సాయంత్రం, గదిలో లైటు తగ్గించాక. పొడవాటి పట్టకారు వాడండి, 25 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా. వేళ్లతో పట్టుకుని ఇస్తే మీ వేలికీ ఎలుక వాసనే వస్తుంది, దానికి తేడా తెలియదు. తలవైపు నుంచి అందేలా పట్టుకుని దాని ముందు నెమ్మదిగా కదిలించండి, ముక్కు మీద పొడవకండి. భయస్తురాలైన పిల్ల ముఖం తిప్పుకుంటే పట్టుబట్టవద్దు. వెచ్చటి గూడు గుమ్మం దగ్గర ఒక చిన్న పలక మీదో మూత మీదో పింకీని పెట్టి, లైటు ఆర్పి, గదిలోంచి వెళ్లిపోండి. పలక ఎందుకంటే తడి పింకీకి కింద పరిచిన చెక్కపొట్టు అంటుకుని నోట్లో గుచ్చుకోకుండా. రాత్రికి ఎవరూ చూడనప్పుడు తినే పిల్లలే ఎక్కువ. మధ్యలో టార్చి వేసి చూడాలనిపిస్తుంది, దయచేసి చూడకండి. తెల్లారి పింకీ లేకపోతే, పాము రెండు మూడుసార్లు పెద్దగా ఆవులిస్తూ కనిపించినా కంగారు పడకండి, దవడలు సర్దుకుంటోంది అంతే.

తిండికి వేరే డబ్బాలోకి మార్చాలి, లేకపోతే పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా కరుస్తుంది అని ఎవరో చెప్పారని రాశారు. నేను ఈ మాట ఒప్పుకోను. తిన్న వెంటనే ఎత్తి తిరిగి పెట్టెలో వేయడమే కక్కించే పని. కరవకుండా ఉండాలంటే బయటికి తీసే ముందు కాగితపు గొట్టంతో ఒంటి మధ్యలో సుతారంగా ఒకసారి తాకండి. ఇది తిండి వేళ కాదని అది త్వరలోనే నేర్చుకుంటుంది. ఎప్పుడైనా కరిచి వదలకపోతే లాగకండి, పళ్లు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి లాగితే దాని పళ్లు విరుగుతాయి, మీ చర్మమూ చీలుతుంది. కాసేపు చల్లటి నీళ్ల కింద పెడితే వదిలేస్తుంది.

బతికున్న ఎలుక సంగతి. కళ్లు తెరవని పింకీ పామును ఏమీ చేయలేదు, అది నిజం. కానీ ఇవాళ బతికున్న పింకీకి అలవాటు పడిన పాము రేపు బతికున్న హాపర్నీ, అంటే గెంతే వయసొచ్చిన ఎలుకపిల్లనీ, ఆపైన పెద్ద ఎలుకనీ అడుగుతుంది. పళ్లున్న ఎలుక ప్రాణం కాపాడుకోవడానికి కరుస్తుంది. ఆకలి లేని పాముతో రాత్రంతా ఒకే పెట్టెలో ఉన్న ఎలుక దాని వీపును ఎముక దాకా కొరికిన గాయాలు నేను చూశాను. ఎలుకకూ అది భయంకరమైన చావు. మీ పిల్ల ఇదివరకే గడ్డకట్టి కరిగించినవి తింటోంది, ఆ మంచి అలవాటును చెడగొట్టకండి. బయట పట్టిన బల్లులు, ఎలుకలు అసలే వద్దు, వాటితో పురుగులు, ఎలుకల మందు విషం రావచ్చు. కోడిమాంసం ముక్కలు, పాలు కూడా అంతే. పాముకు ఎముకల్లోని కాల్షియం, కాలేయంలోని విటమిన్లు కలిసి ఉన్న పూర్తి జంతువే కావాలి, తాగడానికి నీళ్లే కావాలి.

బలవంతంగా నోట్లో పెట్టడం గురించి గట్టిగానే చెబుతాను. చేయి తిరిగినవాళ్లు, వారాల తరబడి తినక చిక్కిపోయిన పిల్లకు, ఇక వేరే దారి లేనప్పుడు చేసే పని అది. దవడ, గొంతు చాలా సున్నితం. నాలుగు రోజుల క్రితం కక్కిన మీ పిల్లకు దాంతో అవసరమే లేదు. అది ఆ పింకీని వద్దనడం మంచి పనే చేసింది.

పదో రోజున కూడా ముట్టకపోతే ముందు కళ్లు చూడండి. నీలంగా, పాలపొర కమ్మినట్టు ఉంటే కుబుసం విడవబోతోంది, అయ్యాక రెండు రోజులకు పెట్టండి. కళ్లు మామూలుగానే ఉంటే ఐదు రోజులు ఆగి మళ్లీ ప్రయత్నించండి, రోజూ చూపించి విసిగించకండి. ఈసారి పింకీని వాసన లేని గోరువెచ్చటి నీళ్లతో కడిగి పెట్టండి, కొన్ని పిల్లలకు ఎలుక గూటి వాసన పోతేనే నచ్చుతుంది. అదీ కాకపోతే గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో పింకీని, పామును కలిపి, ఆ డబ్బాను పెట్టెలోనే వెచ్చటి వైపుకు కాస్త ఇవతల రాత్రంతా ఉంచండి. ఇరుకు చోట పిల్లలకు ధైర్యం వస్తుంది. తెల్లారి మూత తీసి వదిలేస్తే అదే బయటికి వస్తుంది, మీరు ఎత్తాల్సిన పని ఉండదు. పింకీ తలకు చిన్న గాటు పెట్టి లోపలి ద్రవం తగిలేలా చేయడం నా చివరి ఉపాయం, మొండి పిల్లలు కూడా చాలావరకు దానికి లొంగుతాయి.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా ఉంది. పాములోనూ, ఆ ఎలుకల్లోనూ మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, ఫ్రీజర్ చలికి అది చావదు. కరిగించే గిన్నె, పట్టకారు విడిగా ఉంచండి, వంటింటి సింకులో కడగకండి, ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు అన్నది మీరు అడగలేదు కానీ అడగాల్సిందే. అన్నీ సరిచేశాక కూడా రెండోసారి కక్కితే ఆగకండి. నోటి దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఏమీ తినకుండానే ఒంటి మధ్యలో ఉబ్బు, బరువు 12 నుంచి 10.8 గ్రాముల కిందికి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా సరీసృపాలు చూసే డాక్టర్‌కే చూపించండి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసేవాళ్లకు ఇది తెలిసి ఉండకపోవచ్చు. వెళ్లేటప్పుడు తాజా మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి. మాటిమాటికీ కక్కించే క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు పరీక్షలోనే బయటపడతాయి. అది తేలేదాకా ఇంట్లో వేరే పాములుంటే గిన్నెలు, పట్టకారు కలపకండి. రెండు పాములను ఒకే పెట్టెలో ఉంచి మేపడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఒకే ఎలుకను రెండు చివర్ల నుంచి పట్టుకుంటే ఒకదాన్ని ఇంకోటి మింగేయగలదు.

ఈ రాత్రి మీరు చేయాల్సింది ఒక్కటే. వెచ్చటి గూడు లోపల నేల మీద ప్రోబ్ పెట్టి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఎంత చూపిస్తోందో రాసుకుని నాకు చెప్పండి. పెట్టె ఎంత పొడవుంది, వేడి దేనితో ఇస్తున్నారు, థర్మోస్టాట్ ఉందా, కింద ఏం పరిచారు అన్నవి కూడా రాయండి. అంకెలు 29 కంటే తక్కువ వస్తే తిండి సంగతి పక్కన పెట్టి ముందు దాన్నే సరిచేద్దాం. అది సరయ్యాకే, కావాలంటే రెండు మూడు రోజులు ఎక్కువ ఆగి అయినా, మొదటి పింకీ పెడదాం.